పై మెట్టు ఎక్కని వాళ్ళ కార్డులు



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పైగా మనది కాని ఆట గురించి. బేస్‌బాల్. స్కూల్ గేమ్స్ లిస్టులో పేరుంటది గానీ మన గూడేల్లో ఎవరూ ఆడగా మేం చూడలేదు. అమెరికాలో మాత్రం అది మనకు క్రికెట్ ఎట్లనో అట్ల. నిజానికి ఇది ఆట గురించి కూడా కాదు. ఆటగాళ్ళ ఫోటోతో అచ్చేసే, అరచేతిలో పట్టే అట్టముక్కల గురించి. అందులోనూ పెద్ద లీగ్ దాకా పోని ఆటగాళ్ళ కార్డుల గురించి. "ఇది మనకెందుకు" అనిపిస్తే జిమ్మీ క్లాక్‌స్టన్ అనే పేరు వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆదివాసినని చెప్పి 1916లో ఒక తెల్లవాళ్ళ టీమ్‌లో చేరిన మనిషి ఆయన. ఆయన మీద మా రూమ్‌లో మూడు రాత్రులు కొట్లాట అయింది. ఇంకా తెగలేదు.

మా రూమ్‌లో మేం నలుగురం. ఒకరిది ఏటూరునాగారం వైపు, ఒకరిది ఉట్నూరు, ఒకరిది మన్ననూరు, ఒకరిది అశ్వారావుపేట అడవి. నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఆశ్రమ పాఠశాల రోజుల్లో మా అందరికీ ఉన్న ఆస్తి ఒకటే, రబ్బరు బ్యాండు చుట్టిన డబ్ల్యూడబ్ల్యూఈ కార్డుల కట్ట. ర్యాంకు, ఎత్తు, బరువు చూసి ఆడేవాళ్ళం. ఓడిపోతే కార్డు పోయేది. ఏడ్చినోళ్ళు కూడా ఉన్నారు, పేర్లు చెప్పం.

ఆ పిచ్చి ఇంకా కొంచెం మిగిలింది. అందుకే వీర్ మహాన్ అనే మనదేశపు రెజ్లర్ గురించి ఒక రాత్రి ఫోన్‌లో చదువుతుంటే ఆయన అసలు పేరు రింకూ సింగ్ అనీ, అంతకుముందు బేస్‌బాల్ ఆడేవాడనీ తెలిసింది. ఉత్తరప్రదేశ్‌లో భదోహి జిల్లా. నాన్న లారీ డ్రైవర్. లక్నోలో స్పోర్ట్స్ కాలేజీలో ఉండి జావెలిన్ విసిరేవాడు. 2008లో అమెరికావాళ్ళు ఇక్కడికొచ్చి, బంతిని వేగంగా, గురిగా విసిరేవాళ్ళ కోసం పోటీ పెట్టారు. 37,000 మందికి పైగా పాల్గొన్నారు. రింకూ గెలిచాడు, లక్ష డాలర్లు వచ్చాయి. దినేష్ పటేల్ అని ఇంకో జావెలిన్ కుర్రాడితో కలిపి అమెరికా తీసుకుపోయారు. అదే ఏడాది నవంబర్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్ ఇద్దరితో సంతకం చేయించుకుంది. ఆ పోటీకి ముందు ఇద్దరూ బేస్‌బాల్ ముట్టుకోనే లేదు. 2014లో దీని మీద సినిమా కూడా వచ్చింది, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం.

సినిమా సంతకం దగ్గర ఆగిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే ఉంది. దినేష్‌ను 2010లో వదిలేశారు, ఇంటికొచ్చేశాడు. రింకూ ఇంకొన్నేళ్ళు కింది లీగ్‌లలో ఆడాడు, దెబ్బలు తగిలాయి, పైకి పోలేదు. 2018లో రెజ్లింగ్‌కు మారాడు.

కింది లీగ్ అంటే ఏంటో తెలుసుకుంటే గానీ ఈ కార్డుల సంగతి అర్థం కాదు. పైన మేజర్ లీగ్‌లో 30 టీమ్‌లు. ఒక్కో టీమ్‌కు 26 మంది. అంటే మొత్తం 780 కుర్చీలు. వాటి కింద మైనర్ లీగ్‌లు, మెట్లు మెట్లుగా. ఇప్పుడు 120 టీమ్‌లు ఉన్నాయి, 2021కి ముందు 160 ఉండేవి. సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. ఈ నాలుగింటి కంటే కింద కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంకో మెట్టు. మనకు మండలం, జిల్లా, జోనల్, స్టేట్ అన్నట్టు. తేడా ఏంటంటే అక్కడ అది ఉద్యోగం. ఉద్యోగమంటే జీతం కూడా చెప్పాలి. 2023కి ముందు అన్నిటికంటే కింది మెట్టు మీద ఏడాదికి 4,800 డాలర్లు, పై మెట్టు ట్రిపుల్ ఏలో 17,500. ఆటలు లేని నెలల్లో వేరే కూలి పని చేసుకోవాల్సిందే. యూనియన్ పెట్టుకున్నాక అది 19,800, 35,800 అయింది. యూనియన్ అన్న మాట మా రూమ్‌లో బాగా నచ్చింది.

ఇప్పుడు కార్డులు. అక్కడ వందేళ్ళకు పైగా ఆటగాళ్ళ బొమ్మల కార్డులు అచ్చేస్తున్నారు. మొదట సిగరెట్ పెట్టెల్లో, మిఠాయి పొట్లాల్లో, తర్వాత బబుల్‌గమ్‌తో. ముందు వైపు ఫోటో, పేరు, టీమ్. వెనక వైపు పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, ఏ ఏడాది ఎన్ని మ్యాచులు, ఎన్ని పరుగులు. పెద్ద స్టార్ కార్డు లక్షల డాలర్లు పలుకుతుంది. అది అందరికీ తెలిసిన కథ.

మమ్మల్ని పట్టుకున్నది అది కాదు. మైనర్ లీగ్ టీమ్‌లు కూడా తమ ఆటగాళ్ళతో కార్డుల సెట్లు అచ్చేసి స్టేడియం దగ్గర అమ్ముతాయి. చిన్న ఊరు, చిన్న స్టేడియం, ఇరవై ముప్పై కార్డుల సెట్టు. ఆ సెట్టులో ఒకరో ఇద్దరో పైకి పోతారు. కొన్ని సెట్లలో ఒక్కరూ పోరు. మిగిలినవాళ్ళకు ఆ కార్డే మొదటిది, అదే చివరిది. టాప్స్ అనే పెద్ద కార్డుల కంపెనీ ఒకప్పుడు కింది లీగ్ కుర్రాళ్ళ చేతిలో 5 డాలర్లు పెట్టి ముందే సంతకం తీసుకునేది. వాడు పైకి వస్తే బొమ్మ మాది, రాకపోతే 5 డాలర్లే కదా పోయింది అని. మన దగ్గర పంట చేతికి రాకముందే షావుకారు అడ్వాన్స్ ఇచ్చి పోయినట్టు.

కార్డులు పోగుచేసేవాళ్ళ భాషలో ఒక మాట ఉంది: కామన్స్. పేరున్న ఆటగాళ్ళను పక్కకు తీశాక మిగిలిన కట్ట. వాటికి విడిగా ధర ఉండదు, కిలోల లెక్కన ఇచ్చినట్టు డబ్బాలకు డబ్బాలు ఇచ్చేస్తారు. అందరూ అంతే అని మాత్రం కాదు. 1994లో బాస్కెట్‌బాల్ రారాజు మైకేల్ జోర్డాన్ ఒక్క ఏడాది బర్మింగ్‌హామ్ బారన్స్ తరఫున డబుల్ ఏలో ఆడాడు. ఆయన బ్యాటింగ్ సగటు .202. ఆ లెక్కకు మామూలు కుర్రాడికి మళ్ళీ ఏడాది అవకాశం రావడమే కష్టం. ఆయనా బేస్‌బాల్‌లో పైకి పోలేదు, కానీ ఆయన కార్డుల కోసం ఎగబడ్డారు. కామన్ అవునో కాదో ఆట ఒక్కటే తేల్చదన్నమాట.

బ్రయన్ టేలర్ కథ కూడా చెప్పాలి, ముఖ్యంగా వాళ్ళమ్మ కోసం. నార్త్ కరోలినాలో బోఫోర్ట్ అనే సముద్రపు ఊరు. నల్లజాతి కుటుంబం. నాన్న తాపీ మేస్త్రీ, అమ్మ బెట్టీ పీతల మాంసం ఒలిచే ఫ్యాక్టరీలో కూలి. కొడుకు ఎడమచేత్తో బంతి విసిరితే బ్యాట్ పట్టినోడికి కనపడేది కాదట. 1991లో న్యూయార్క్ యాంకీస్ దేశంలోనే మొదటి నంబర్‌గా అతన్ని ఎంచుకుంది. 3 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. ఆ ఇంట్లో అంత డబ్బు ఎవరూ చూసి ఉండరు. బెట్టీ ఒప్పుకోలేదు. అంతకుముందు ఏడాది ఒక తెల్ల కుర్రాడికి 12 లక్షలు ఇచ్చారు కదా, నా కొడుక్కు ఎందుకు తక్కువ అని కూర్చుంది. నెలలు గడిచాయి. కాలేజీలో చేరే సమయం దగ్గరపడింది, ఆమె కదల్లేదు. ఆఖరికి 15 లక్షల 50 వేల డాలర్లకు సంతకం అయింది. మాకు బీడీ ఆకు కల్లం గుర్తొచ్చింది. కట్టలో ఆకు తక్కువుందని కల్లేదారు తోసేస్తుంటే, మళ్ళీ లెక్కపెట్టు అని అక్కడే నిలబడే మన అమ్మలు.

1992లో టాప్స్ కంపెనీ బంగారు అక్షరాల సెట్టు ఒకటి వేసి, అందులో టేలర్ చేత 12,000 కార్డుల మీద సంతకం పెట్టించింది. పన్నెండు వేల సార్లు తన పేరు రాశాడు ఆ కుర్రాడు. 1993 డిసెంబర్‌లో అన్న కోసం పోయి కొట్లాటలో భుజానికి పెద్ద దెబ్బ తగిలించుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ అట్ల లేవలేదు. డబుల్ ఏ దాటలేదు. తర్వాత నాన్నతో కలిసి ఇటుకల పని చేశాడు. ఆ సంతకాల కార్డులు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. జనం "ఫ్లాప్" అంటారు. మా రూమ్‌లో ఎవరికీ ఆ మాట నోట రాలేదు. అన్న కోసం పోయిన మనిషిని అట్ల అనబుద్ధి కాలేదు.

ఇక క్లాక్‌స్టన్.

1892లో కెనడాలో వెల్లింగ్టన్ అనే బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం అమెరికాలో టకోమా వైపు వచ్చేసింది. తండ్రి గని కార్మికుడు. ఈయన కూడా ఎడమచేతి పిచ్చరే, పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. తండ్రి వైపు నల్లజాతి, ఫ్రెంచ్, ఆదివాసీ రక్తం, తల్లి వైపు ఐరిష్, ఇంగ్లిష్. ఆ రోజుల్లో తెల్లవాళ్ళ లీగ్‌లలో నల్లవాళ్ళకు ప్రవేశం లేదు. ఎక్కడా రాసిన చట్టం కాదు, అందరూ పాటించే కట్టుబాటు. ఆదివాసులకు మాత్రం ఉండేది. అక్కడ వాళ్ళను ఇండియన్లు అంటారు, మనం అని పొరబడకండి. ఒజిబ్వే తెగ చార్లెస్ బెండర్, కహుయా తెగ జాన్ మేయర్స్ అప్పటికే మేజర్ లీగ్ స్టార్లు. ఇద్దరినీ సొంత పేరుతో కాకుండా "చీఫ్" అనే పిలిచేవాళ్ళు. చీఫ్ బెండర్, చీఫ్ మేయర్స్. కొన్ని కార్డుల మీద కూడా అట్లనే. క్లాసులో మన పేరు తెలిసినా "ఏయ్ ఏజెన్సీ" అని పిలిచేవాళ్ళు మీకూ తగిలే ఉంటారు.

1916లో క్లాక్‌స్టన్ ఓక్లండ్‌లో నల్లవాళ్ళ టీమ్‌లో ఆడుతున్నాడు. ఆయన ఆట చూసిన ఒక స్నేహితుడు, ఆ స్నేహితుడిలోనూ ఆదివాసీ రక్తం ఉంది, ఆయన్ని ఓక్లండ్ ఓక్స్ టీమ్ దగ్గరికి తీసుకుపోయి, ఓక్లహామాలో మా తెగవాడే అని పరిచయం చేశాడు. ఓక్స్ అంటే పసిఫిక్ కోస్ట్ లీగ్ టీమ్, మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద. మే 28న లాస్ ఏంజెలస్‌తో ఒకే రోజు రెండు మ్యాచులు. రెండింట్లోనూ కొద్దిసేపు బంతి విసిరాడు. వారం తిరక్కముందే తీసేశారు. కారణం చెప్పలేదు. స్నేహితుడనుకున్న ఇంకెవరో ఆయన నల్లజాతి మూలం సంగతి బయటపెట్టారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

ఆ వారం రోజుల్లోనే జీ-నట్ అనే మిఠాయి తయారుచేసే శాన్ ఫ్రాన్సిస్కో కంపెనీ ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఆ మిఠాయితో పాటు పసిఫిక్ కోస్ట్ ఆటగాళ్ళ కార్డులు ఇచ్చేవాళ్ళు. టీమ్‌లో ఉన్నవాళ్ళందరికీ తీసినట్టే క్లాక్‌స్టన్‌కూ ఫోటో తీశారు, అచ్చేశారు, పిల్లలకు పంచారు. అమెరికా బేస్‌బాల్ కార్డు మీద కనిపించిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే అంటారు. జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది 1947లో. దానికి 31 ఏళ్ళ ముందు. ఒక మిఠాయి కంపెనీ, తెలియకుండానే. ఇప్పుడా కార్డు దొరకడమే కష్టం, దొరికితే వేల డాలర్లు.

ఇక్కడే మా రూమ్‌లో గొడవ మొదలైంది.

ఉట్నూరు తమ్ముడు లేచి కూర్చున్నడు. "బోగస్ సర్టిఫికెట్‌గాళ్ళు చేసేది ఇదే కదనే. మన సీట్లు మింగినోళ్ళను తిట్టుకుంట ఈయనకు దండేస్తమా?"

మన్ననూరు అన్న తక్కువ మాట్లాడతాడు. "అది వేరురా. బోగస్‌గాడు తెరిచున్న పది తలుపులు ఇడిచి మన ఒక్క తలుపుల దూరుతడు. ఈయనకు అసలు తలుపే లేదు."

"లేకపోతే? ఇంకొకని తెగ పేరు పెట్టుకుంటడా? ఆ ఓక్లహామా వాళ్ళను అడిగిండా?"

అది మంచి ప్రశ్నే, దానికి మా దగ్గర జవాబు లేదు. తండ్రి వైపు ఆదివాసీ రక్తం ఉంది కదా అని ఒకరం అన్నాం. రక్తం ఉండుడు వేరు, ఊళ్ళె ఉండుడు వేరు అన్నడు తమ్ముడు. మన ఎమ్మార్వో ఆఫీసులో అయితే ఆయన్ని ఏ కాలమ్‌లో రాస్తారు అని అశ్వారావుపేట వాడు అడిగేసరికి అందరం నవ్వాం గానీ, నవ్వు ఆగాక అది కూడా నిజమైన ప్రశ్నేనని అనిపించింది. మాలో ఒకరికి ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉందని సర్టిఫికెట్ ఆగిపోయి, కౌన్సెలింగ్ ముందు రోజు సాయంత్రం దాకా ఒక ఆఫీసు వరండాలో కూర్చున్న రోజులు గుర్తున్నాయి. నువ్వు ఎవరివో ఎదుటోడు నమ్మాలి, నమ్మేదాకా బయటే.

దానికి తోడు రెండో రాత్రి జిమ్ థోర్ప్ దొరికాడు. ఓక్లహామాలోనే పుట్టిన సాక్ అండ్ ఫాక్స్ తెగ మనిషి. కార్లైల్ అని పెన్సిల్వేనియాలో ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూల్, 1879 నుంచి 1918 దాకా నడిచింది. జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా పెంచిన స్కూల్. థోర్ప్ అక్కడి విద్యార్థి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. మరుసటి ఏడాది రెండూ లాగేసుకున్నారు. ఎందుకో తెలుసా? 1909, 1910 వేసవుల్లో రాకీ మౌంట్ అనే ఊళ్ళో చిన్న లీగ్‌లో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని. అప్పట్లో చాలామంది కాలేజీ కుర్రాళ్ళు దొంగపేర్లతో అట్లనే ఆడేవాళ్ళు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికాడు. 1953లో చనిపోయాడు. పతకాలు తిరిగి ఇస్తామని ఒలింపిక్ కమిటీ చెప్పింది 1982లో. ఆ పోటీల్లో గెలిచింది ఆయనొక్కడే అని రాసింది 2022లో. థోర్ప్ తర్వాత మేజర్ లీగ్ ఆడాడు కాబట్టి ఈ పోస్టు లెక్కలోకి రాడు. అయినా వదలలేకపోయాం. సొంత పేరు చెప్పినోడికి శిక్ష, వేరే తెగ పేరు చెప్పినోడికి శిక్ష. ఉట్నూరు తమ్ముడు ఆ రాత్రి గొడవ పెంచలేదు. ఒప్పుకోనూ లేదు.

క్లాక్‌స్టన్ ఆ తర్వాత ఆట మానలేదు. దశాబ్దాల పాటు ఊరూరా తిరిగే టీమ్‌లలో బంతి విసిరాడు. 1932లో నలభైకి దగ్గరపడ్డ వయసులో క్యూబన్ స్టార్స్ అనే టీమ్‌తో నల్లవాళ్ళ లీగ్‌లో ఆడాడు. 1970లో టకోమాలో చనిపోయాడు. 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ వాళ్ళు ఒక ప్రకటన చేశారు: 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నల్లవాళ్ళ లీగ్‌లను ఇకనుంచి మేజర్ లీగ్‌లుగానే లెక్కిస్తాం అని. దాదాపు 3,400 మంది ఆటగాళ్ళు ఒక్క ప్రకటనతో "పైకి పోని వాళ్ళ" జాబితాలోంచి ఇవతలికి వచ్చారు. ఆ ఏడింట్లో 1932 నాటి ఆ లీగ్ కూడా ఉంది. అంటే క్లాక్‌స్టన్ పైకి చేరాడన్న మాట ఆయన చనిపోయిన యాభై ఏళ్ళకు చెప్పారు. వాళ్ళు ఆడిన బంతి మారలేదు, పరుగు మారలేదు. లెక్కపెట్టేవాళ్ళు మారారు.

మూడో రాత్రి మాట మా దగ్గరికే వచ్చింది. మీటింగుల్లో మమ్మల్ని స్టేజీ ఎక్కించి "మొదటి తరం" అని చప్పట్లు కొట్టిస్తారు. మంచిదే, అమ్మానాయనలు సంతోషపడతారు. మాతో పాటు పదో తరగతి రాసినోళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు మిర్చి కోతకో, సెంట్రింగ్ పనికో, ఇంట్లో పిల్లలను ఎత్తుకోవడానికో పోయారు. వాళ్ళను ఫైళ్ళలో డ్రాపౌట్ అంటారు. చదువులో మా కంటే ముందున్న అమ్మాయి ఒకామె ఇంటర్ మధ్యలో ఆగింది, వాళ్ళ నాయనకు జ్వరం వచ్చి, వాగు పొంగి, సమయానికి దవాఖానకు పోలేక. డ్రాపౌట్ అనే ఒక్క మాటలో ఆ వాగు లేదు. కార్డు వెనక వైపు అంకెల్లో టేలర్ అన్న లేనట్టే.

మా దగ్గర కార్డులు లేవు. ఏటూరునాగారం వాడి పెట్టెలో ఒక ఫోటో ఉంది. ఎనిమిదో తరగతిలో జోనల్ ఖో-ఖోకు పోయిన టీమ్. పన్నెండు మంది, పసుపు బనీన్లు, కొందరికి చెప్పులు కూడా లేవు. సెమీఫైనల్లో ఓడిపోయారు, స్టేట్‌కు పోలేదు. వెనక పీఈటీ సారు తేదీ ఒక్కటే రాశాడు. మొన్న దాన్ని చిన్నగా పన్నెండు ముక్కలుగా ప్రింట్ తీయించాం, జిరాక్స్ సెంటర్ అన్న పావు ధరకే చేశాడు. ఒక్కో ముక్క వెనక పేరు, ఊరు, ఏ స్థానంలో ఆడేవాడు, ఇప్పుడు ఏం చేస్తున్నాడు రాస్తున్నాం. ఫోన్లు చేసి అడుగుతున్నాం. ఒకడు తాడ్వాయి దగ్గర ట్రాక్టర్ తోలుతున్నాడు, "నా కార్డు వెనక పోల్ దగ్గర ఎంత మందిని పట్టిన్నో రాయండ్రా" అన్నాడు. రాశాం. తొమ్మిది అయ్యాయి.

మిగిలిన ముగ్గురిలో ఒకడు ముందు వరుసలో ఎడమ నుంచి రెండోవాడు, మోకాలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. వాజేడు వైపు నుంచి వచ్చి ఒక్క ఏడాదే చదివాడు. ఫోటో కింద పెడుతున్నాం. ఎవరైనా గుర్తుపడితే పేరు, ఊరు చెప్పండి.